నీళ్ళలో పాలు

ఊళ్ళో అందరూ ఆవిడని సీసాలమ్మ అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని సారా అమ్ముతుందేమో అనుకునేవాళ్ళు. ఒకాయనైతే ఓ సాయంత్రం మెట్లెక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఒకటి దొరుకుతుందా?" అని అడిగాడు కూడా. ఆవిడ లోపలికి వెళ్ళి నది నీళ్ళు పట్టిన సీసా ఒకటి తెచ్చి చేతికిచ్చింది. పచ్చగా, మసగ్గా ఉన్న ఆ నీళ్ళని దీపం వెలుగులో తిప్పి చూసుకుని, ఆయన వచ్చిన దారినే దిగిపోయాడు.

ఆవిడ నదీ నియంత్రణ కార్యాలయంలో అధికారి. నదిలోకి ఎవరు ఎంత మురికి వదలొచ్చో హద్దు గీయడం, గీసిన హద్దు దాటకుండా చూడడం ఆవిడ పని. అద్దకం మిల్లుకి ఇంత, కాగితం మిల్లుకి ఇంత, ఊరి మురుగునీటి కేంద్రానికి ఇంత అని వాటాలుండేవి. ఆవిడ వంతెన మీద నుంచి తాడు కట్టిన బకెట్టు వదిలి, నీళ్ళు తోడి, సీసాల్లో నింపి, ఐసు పెట్టెలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళేది. వాటిని చీకటి అల్మారాలో కొన్నాళ్ళుంచి, నీళ్ళలో కలిసి ఉన్న గాలి ఎంత తగ్గిందో చూసేది. మురికి ఎంత ఎక్కువుంటే గాలి అంత తగ్గుతుంది. గాలి తగ్గితే చేపలు వెల్లకిలా తేలతాయి. ఆ తరవాత నది కంపు కొడుతుంది. అప్పుడుగానీ ఊరికి నది ఉందన్న సంగతి గుర్తు రాదు.

ఊళ్ళో సగం ఇళ్ళు మిల్లుల మీద బతికేవి. అందుకని ఆవిడ దుకాణంలో అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, కొట్టేవాళ్ళు కాదు. మర్యాదగా ముఖం చాటేసేవాళ్ళు, అంతే. తిట్టినవాళ్ళతోనైనా ఓ మాట కలుస్తుంది. మర్యాదగా తప్పుకునేవాళ్ళతో అదీ లేదు.

ఆ ఊరొచ్చిన కొత్తలో ఆవిడకి ఇల్లు దొరకడమే గగనమైంది. చివరికి పాత బజారు వెనక, పాలావిడ ఇంటి పై వాటా ఖాళీగా ఉందని తెలిసి వెళ్ళింది. పాలావిడ తలుపు తీసి, వచ్చినావిడ చేతిలోని ఐసు పెట్టె వైపు, తరవాత ముఖం వైపు చూసింది.

"సీసాలమ్మవి నువ్వేనా? ఒక్కటే మాట. మా పెరటి తూముకి నీ సీసా పెట్టనని మాటిస్తే ఇల్లు నీది."

"అలా మాటివ్వలేనండి."

పాలావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. తరవాత పకపకా నవ్వింది. "నిక్కచ్చి మనిషివే! రా వదినా, సామాను పైకెక్కించు."

ఆ వదిన అన్న పిలుపు అలా గుమ్మంలోనే మొదలైంది. వయసులు అడిగి ఎవరు పెద్దో తేల్చుకున్నది లేదు. ఒకరికొకరు వదినలే. వదిన అని పిలిచాక ఎన్ని ఎత్తిపొడుపులైనా చెల్లుతాయి కాబట్టి, ఇద్దరూ ఆ హక్కుని పుష్కలంగా వాడుకున్నారు.

పాలావిడ భర్త పోయి చాలాకాలమైంది. కూతురూ, ఇల్లరికం వచ్చిన అల్లుడూ ఆవిడతోనే ఉండేవాళ్ళు. అల్లుడికి నోట్లోంచి మాట పెగలదు. "మా అల్లుడి మాటలు దాచుకుంటే పండక్కి పనికొస్తాయి" అనేది అత్తగారు. సాయంత్రాలు పాలావిడ పెరట్లో పాల డబ్బాలు తోముతుంటే సీసాలమ్మ వెనక మెట్ల మీద, అన్నిటికన్నా కింది మెట్టు మీద కూర్చునేది.

"ఇవాళ నదిలో ఏం ముంచావు వదినా, ఏం తేల్చావు?"

"బకెట్టు ముంచా, బకెట్టే తేల్చా."

"నీకు జీతమిచ్చేవాళ్ళు మహానుభావులు."

రోజూ ఇదే. వినేవాళ్ళకి పరమ చప్పగా ఉంటుంది. కానీ సీసాలమ్మకి సాయంత్రం ఆఫీసులో కుర్చీ వెనక్కి జరిపి లేచినప్పుడల్లా ఆ మెట్టే గుర్తొచ్చేది.

పాలావిడ వ్యాపారం పెరిగింది. చుట్టుపక్కల పాలన్నీ ఆ పెరట్లోకే వచ్చేవి. పెరుగు, వెన్న, చీజు చేసే చిన్న ఫ్యాక్టరీ పెడదామని నది ఒడ్డున స్థలం చూసుకున్నారు. తీరా అన్నీ సమకూరాక, వాడిన నీళ్ళు నదిలో వదలడానికి అనుమతి కావాలన్నారు. ఆ దరఖాస్తు తిరిగి తిరిగి సీసాలమ్మ బల్ల మీదికే వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ మెట్టు మీద కూర్చోకముందే పాలావిడ అందుకుంది. "మా కాగితం నీ దగ్గరికొచ్చిందటగా! సంతకం గీకి పడెయ్. ఈ డబ్బాలు తోమీ తోమీ చేతుల తోలు లేచిపోయింది."

"చూడాలి వదినా."

"చూడ్డానికేముంది? నేనేమన్నా రంగులు పోస్తున్నానా, మందులు పోస్తున్నానా? పాలు! పసిపిల్లలు తాగే పాలు!"

"పసిపిల్లలకి మంచివే. నదికి కాదు. నీళ్ళలో పడ్డ పాలు కుళ్ళాలంటే గాలి కావాలి. అవి తాగే గాలి ముందు రంగు నీళ్ళు ఏ మూలకి?"

పాలావిడ చేతిలోని పీచు వదిలేసి నిటారుగా నిలబడింది. "పాలలో నీళ్ళు కలిపితే తప్పన్నారు, సరే. నీళ్ళలో పాలు కలిపినా తప్పేనా? ఇదెక్కడి చోద్యం వదినా!"

కూతురు నవ్వింది. అల్లుడు కూడా నవ్వాడు. సీసాలమ్మ కూడా నవ్వింది కానీ, ఆ రాత్రి భోజనం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

సంగతి ఇదీ. ఎండాకాలంలో నది సన్నబడినప్పుడు ఎంత మోయగలదో చూసి, దాన్ని బట్టి వాటాలు వేశారు. అందరికీ పంచాక కొంచెం మిగులు ఉంచారు. అది ఎవరిదీ కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది నది మరీ బక్కచిక్కితే, ఆ మిగులే దాని ఊపిరి. పాలావిడ ఫ్యాక్టరీ నీళ్ళని ఎంత శుద్ధి చేసి వదిలినా, ఇంకా ఉండే మురికి ఆ మిగులుని దాదాపు మొత్తం మింగేస్తుంది.

ఆవిడ కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది. కాగితం మిల్లు మేనేజరు కాఫీ ఇప్పించాడు. కొంచెం తగ్గించుకుంటారా అని అడిగితే, "వాడుకున్నా వాడుకోకపోయినా మా వాటా మాదే కదండీ" అన్నాడు, అదీ నవ్వుతూనే. అద్దకం మిల్లు యజమాని లోపలే ఉండి లేడని చెప్పించాడు. ఊరి మురుగు ఎలాగూ తగ్గదు, జనం తగ్గితే తప్ప.

చివరికి డైరెక్టరు గదికి వెళ్ళింది. "ఆ పాల ఫ్యాక్టరీ ఆవిడ ఇంట్లోనే నేను అద్దెకుంటున్నాను సార్. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి."

రేపో మాపో రిటైరవబోతున్న ఆ పెద్దాయన చుట్టూ చూశాడు. "ఇంకెవరున్నారమ్మా? ఈ ఆఫీసులో ఉన్నది మీరూ, నేనూ, ఈ ఫ్యానూ. నాకు నీళ్ళ సంగతి తెలీదు. ఫ్యానుకి అసలే తెలీదు."

"మిగులు ముట్టుకోవచ్చా?"

"ముట్టుకుంటే తప్పని ఎవరూ అనరు. ముట్టుకోకపోయినా తప్పని ఎవరూ అనరు. మీరెలా అంటే అలా." ఆ బరువంతా ఎంతో మర్యాదగా ఆవిడ నెత్తిన పెట్టి, ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వంతెన మీద నిలబడి ఆవిడ తనని తాను ఒక్కటే అడిగింది: అడిగినవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళైతే ఏం చేసేదాన్ని? జవాబు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. వెతుక్కోవలసి వచ్చి ఉంటే కొంచెం హాయిగా ఉండేది.

ఆఫీసు ఉత్తరం వెళ్ళేలోపే నోటితో చెప్పాలని ఆ రోజు పెందలాడే ఇంటికి వచ్చింది. పాలావిడ పెద్ద గిన్నెలోంచి డబ్బాలోకి పాలు వంపుతోంది.

"ఇవ్వలేను వదినా."

పాలావిడ తల తిప్పలేదు, వంపడం ఆపలేదు. డబ్బా నిండింది. పాలు అంచు దాటి, నేల మీదికి జారి, బండల మధ్య నుంచి తూము వైపు పాకాయి. ఇద్దరూ ఆ తెల్లటి చారనే చూస్తూ నిలబడ్డారు.

"దీనికీ సీసా పట్టుకో" అంది పాలావిడ.

"నేను చెప్పేది కొంచెం..."

"ఏం చెప్తావు? ఊరు ఊరంతా నీకు తలుపేస్తే నేను తీశాను. నీ నది కడుపు చల్లగా ఉండాలి, నా నోట్లో మట్టి పడాలి. అంతేగా?" గిన్నె కింద పెట్టి, తడి చేతులు బట్టలకి తుడుచుకుంది. "పైకెళ్ళండి మేడం. నేల జారుతుంది."

వదినా అన్న నోటితో మేడం అనిపించుకోవడం కన్నా చెంపదెబ్బ నయం. ఆవిడ పైకి వెళ్ళింది.

ఇల్లు ఖాళీ చెయ్యమని పాలావిడ అనలేదు. అంటే బావుండునని ఆవిడకి చాలాసార్లు అనిపించింది. పొద్దున్నే పాలచెంబు మెట్టు మీద ఉండేది. పెట్టినవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. కింద డబ్బాల మోత, కూతురి నవ్వు, రేడియో, అన్నీ పైకి వినిపించేవి. తాను చేసే చప్పుడు కిందికి వినిపిస్తుందేమోనని ఆవిడ మాత్రం చెప్పులు విప్పి నడిచేది. మనిషికి మనిషి ఒక అంతస్తు దూరం. కానీ ఆ సాయంత్రాల్లో ఆవిడ మాట్లాడిన మాటలు, కూరలమ్మేవాడితో "అరకిలో చాలు" అనడం వరకే.

ఆ ఏడు ఎండలు ముదరకముందే వానలు దిగాయి. నది ఒడ్డులొరుసుకుని పారింది. ఆ మిగులు అవసరమే పడలేదు. ఓ మధ్యాహ్నం ఆవిడ మెట్లు దిగుతుంటే, పాలావిడ ఎవరితోనూ కాకుండా గోడతో అన్నట్టు అంది: "నది ఎండిపోతుందని బెంగపెట్టుకున్నారు కొంతమంది. ఎండిందా? నిండింది."

దానికి ఏం చెప్పాలి? తాళం వేసిన ఇంటికి దొంగ రాకపోతే, తాళం దండగన్నట్టే ఉంటుంది. గొడుగు తీస్తూ ఆవిడ వీధిలోకి నడిచింది. అనవసరంగా ఒక మనిషిని పోగొట్టుకున్నానా అని ఆ రోజంతా మనసు పీకింది.

అప్పుడే ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. ఈ నదికి ఊరి దగ్గర ఇక చోటు లేదు, నిజమే. కానీ దిగువన, కొండల్లోంచి వచ్చే ఇంకో ఏరు దీనిలో కలుస్తుంది. అక్కడ నీళ్ళెక్కువ, మిల్లులు లేవు. ఆ భాగం వేరే కార్యాలయానిది కాబట్టి ఆవిడ ఎన్నడూ అటు పోలేదు. ఆదివారాలు ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కడం మొదలుపెట్టింది. వానాకాలం పోయి, చలి తగ్గి, నది మళ్ళీ సన్నబడేదాకా వెళ్ళింది. నీళ్ళు తోడింది, కొలిచింది. అక్కడి కార్యాలయం వాళ్ళని అడిగి పాత ఎండాకాలాల కొలతలు తెచ్చుకుంది. అన్నీ ఒకే మాట చెప్పాయి: రెండు నీళ్ళు కలిసిన చోటు దాటాక, నది ఒక పాల ఫ్యాక్టరీని సునాయాసంగా మోస్తుంది. రోడ్డు పక్కనే మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ కూడా ఒకటి కనిపించింది. కప్పు పోయింది కానీ గోడలు చెక్కుచెదరలేదు.

ఆ రోజు తిరుగు బస్సులో ఆవిడకి చాన్నాళ్ళ తరవాత ఆకలేసింది. చోటు దొరికిందన్న సంతోషంలో సగం దారి వచ్చేసింది. అప్పుడు, కిటికీలోంచి ఊరు తరవాత ఊరు వెనక్కి పోతుంటే, ఆ చోటు ఎంత దూరమో తట్టింది. రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు. అక్కడ ఫ్యాక్టరీ పెట్టినవాళ్ళు ఇక్కడ కాపురం ఉండలేరు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరూ వెతకమనలేదు, ఎవరూ అడగరు. పాలావిడ కోపం ఎప్పటికైనా చల్లారుతుంది, మళ్ళీ ఆ మెట్టు మీద చోటు దొరుకుతుంది.

పైకి వెళ్ళి కూర్చుంటే మనసు మారిపోతుందని భయపడి, ఆవిడ పెట్టె చేతిలో ఉండగానే కింది తలుపు తట్టింది.

"ఏంటి మేడం?"

గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పింది. లోపల నుంచి అల్లుడు వచ్చి అత్తగారి వెనక నిలబడ్డాడు.

"ఆ ఐసు ఫ్యాక్టరీ నేను చూశాను అత్తయ్యా" అన్నాడు. "గోడలు గట్టివి. లారీ లోపలికి వెళ్తుంది. పాలు తెచ్చేవాళ్ళలో సగం మంది అటువైపు వాళ్ళే." ఒక ఏడాదికి సరిపడా మాట్లాడేసి గుమ్మానికి ఆనుకున్నాడు.

పాలావిడ సీసాలమ్మ చేతిలోంచి పెట్టె తీసుకుని లోపల పెట్టింది. "ఆదివారం వచ్చేసరికి ముస్తాబై ఎటు పోతున్నావా అనుకున్నా. ఎవరైనా దొరికారేమో అని సంబరపడ్డాను వదినా."

"దొరికింది. ఐసు ఫ్యాక్టరీ."

నవ్వించాలనే అంది కానీ తనే నవ్వలేకపోయింది. పాలావిడ ఆవిడ ముఖంలోకి చూసింది.

"అక్కడికెళ్తే మేం ఇల్లు కూడా ఎత్తెయ్యాలి."

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

"తెలిసే."

పాలావిడ మోచేత్తో ముక్కు తుడుచుకుని, "పద, నీ మొహంలో కళ లేదు, తిన్నావో లేదో" అంటూ వంటింట్లోకి నడిచింది.

వాళ్ళు వెళ్ళేదాకా దొరికిన సాయంత్రాలు బాగానే గడిచాయి. తరవాత లారీ వచ్చింది. పాలావిడ తాళంచెవులు ఆవిడ చేతిలో పెట్టి, "ఎవరికైనా అద్దెకివ్వు. నీలాంటి నిక్కచ్చి మనిషికి మాత్రం ఇవ్వకు, పడలేవు" అంది. కింది వాటాని కుర్చీలమ్మే దుకాణం వాళ్ళు గోదాముగా తీసుకున్నారు. గదుల నిండా కుర్చీల మీద కుర్చీలు, కూర్చునేవాళ్ళు లేకుండా. ఇప్పుడు ఆవిడ చెప్పులేసుకుని నడిచినా, గెంతినా అడిగేవాళ్ళు లేరు.

మొదట్లో రోజూ ఫోన్లు నడిచాయి. తరవాత వారానికోసారి, ఆ తరవాత గుర్తొచ్చినప్పుడు. ఆవిడ ఒకసారి అక్కడికి వెళ్ళింది. పాలావిడ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, పదిమంది మీద కేకలేస్తూ ఎదురొచ్చి గట్టిగా కావలించుకుంది. భోజనం మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. ఆవిడ చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి పాలావిడ గొంతు, "వదినా! ఇటు రా!" అని వినిపించింది. గబుక్కున తిరిగింది. పాలావిడ పిలిచింది పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషిని. ఆవిడ కొళాయి కట్టేసి, చేతులు చాలాసేపు తుడుచుకుంది.

ఆ మరుసటి ఎండాకాలం అసలైన ఎండాకాలం. వానలు వస్తాయి వస్తాయి అంటూనే రాలేదు. నది మధ్యలో ఇసుక తేలింది, వంతెన కాళ్ళు పాదాలదాకా కనిపించాయి. తెల్లవారేసరికి నీళ్ళలో గాలి అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి, ఆవిడ రోజూ సూర్యుడికన్నా ముందే బకెట్టు వదిలేది. రోజురోజుకీ గాలి దిగుతోంది. మిల్లులకి వెళ్ళి తూముల దగ్గర నిలబడి, వాటా దాటనివ్వలేదు. కాగితం మిల్లు మేనేజరు ఈసారి కాఫీ ఇప్పించలేదు. మిగులు దాదాపు అంతా కరిగిపోయింది. వెంట్రుకవాసి మిగిలింది. ఆ వెంట్రుక మీద నది నిలబడింది.

తరవాత వాన పడింది.

ఒక్క చేప తేలలేదు. నీళ్ళు వాసన కొట్టలేదు. కొళాయిల్లో నీళ్ళు ఎప్పటిలాగే వచ్చాయి. ఊళ్ళో ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. కొత్త డైరెక్టరు ఇంకా రాలేదు. ఆఫీసులో ఉన్నది ఆవిడా, ఫ్యానూ.

పాలావిడకి ఫోను చేసింది. "లోడు దిగుతోంది వదినా, నేనే చేస్తా" అని పెట్టేసింది. అన్నట్టుగానే సాయంత్రం చేసింది.

"ఏంటి విశేషం?"

"ఇక్కడ వాన పడింది. నది గట్టెక్కింది. చేపలన్నీ బతికాయి."

"బతికాయా? మంచిదేగా!" అంది పాలావిడ, ఏం సంతోషించాలో తెలియకపోయినా సంతోషంగా.

మిగిలిన మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజు నీకు సంతకం పెట్టి ఉంటే ఈ వేసవికి నది చచ్చిపోయేది వదినా. నేను చేసింది పొరపాటు కాదు. ఇది అర్థమయ్యే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరికే ఇది చెప్పకూడదు. చెబితే గెలిచానని చాటుకున్నట్టుంటుంది. మానిన పుండు కెలికినట్టుంటుంది.

"మరి అక్కడ సంగతులేంటి?" అని అడిగింది.

పాలావిడకి కావలసింది అదే. వెన్న మిషను బెల్టు తెగిన వైనం, బాగుచెయ్యడానికి వచ్చినవాడు బెల్టు బదులు తన ప్యాంటు బెల్టు కట్టబోవడం, అల్లుడు వాడి మీద నోరు పారేసుకోవడం, "మా అల్లుడు! నోరు! నమ్ముతావా?" అంటూ చెప్పుకుపోయింది. ఆవిడ వింటూ నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది. అవతల ఎవరో పిలిచేసరికి "ఉంటా వదినా" అన్న మాట సగంలోనే తెగిపోయింది.

బయట వాన మళ్ళీ అందుకుంది. ఇన్నాళ్ళూ వీధుల్లో పేరుకున్న మురికంతా ఈ మొదటి వానకే కొట్టుకొచ్చి నదిలో దిగుతుంది. రేపు పొద్దున్న నీళ్ళు అన్నిటికన్నా చెడ్డగా ఉంటాయి. ఆవిడ ఒక్కరికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అన్నం ఉడికేలోపు ఖాళీ సీసాలు తుడిచి వరసగా పెట్టుకుంది.